ఆదెప్ప మామకు అరబ్బీ రాదు

కువైట్‌లో ఆరేళ్లున్నా మా ఆదెప్ప మామ నోటి నుంచి తెలుగు తప్ప వేరే మాట ఒక్కటి కూడా రాలేదు. ఇది గొప్పకు చెప్తున్నది కాదు. గొప్పకు చెప్పాలంటే నా గురించే బోలెడుంది, దానికి వస్తాను. ఈయన అరబ్బులతో తెలుగులో మాట్లాడాడు. పఠాన్ డ్రైవర్లతో, బంగ్లాదేశ్ వంటమనుషులతో, పోలీసులతో, ఒంటెలతో, అందరితోనూ తెలుగులోనే మాట్లాడాడు. తెలుగంటే పేపర్లో వచ్చే తెలుగు కాదు, అచ్చం మా విడపనకల్లు మండలం తెలుగు. ఎదుటివాడు ఏ దేశం వాడైనా ముందు "ఏమప్పా, తింటివా?" అని అడుగుతాడు. వాడు నోరు తెరిచి చూస్తే, పాపం సిగ్గుపడుతున్నాడనుకుని, తిన్నాడో లేదో వాడి మొహంలోనే చూసుకుని తర్వాతి మాటకు పోతాడు.

భాష తెలియని చోట మనబోటివాళ్లం ఏం చేస్తాం? గొంతు పెంచుతాం. చేతులు తిప్పుతాం. నీళ్లు కావాలంటే బొటనవేలు నోట్లో పెట్టుకుంటాం. మామకు అవేమీ లేవు. కట్టె మీద రెండు చేతులూ పెట్టి, చేతుల మీద గడ్డం ఆనించి, మా ఊరి టీ కొట్టు దగ్గర మాట్లాడినంత నింపాదిగా మాట్లాడతాడు.

"మామా, వాళ్లకు అర్థం కాదు గదా?" అని ఒకసారి అడిగాను.

"అర్థం కాకుంటే అడగరా అప్పా? అడగలేదంటే అర్థమైనట్టే గదా" అన్నాడు.

ఆయన కువైట్‌లో దిగిన రోజు విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు తిరగేసి అరబ్బీలో ఏదో గద్దించాడట. మామ, చేతిలో కట్టె లేదు కాబట్టి, బల్ల మీద గడ్డం ఆనించి, "మాది విడపనకల్లు పక్కనప్పా. వాన లేదు, జీవాలకు మేత లేదు, అందుకే వచ్చినా. ఈడేమన్నా వాన పడిందా?" అన్నాడట. అధికారి కాసేపు చూసి, ముద్ర వేసి పంపించేశాడట. వెనక వరసలో ఇంగ్లిషులో జవాబులు చెప్పిన ఇంజనీరు మాత్రం మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడ్డాడట. ఇన్ని "అట"లు ఎందుకంటే అప్పుడు నేను అక్కడ లేను. ఉండి ఉంటే ఇంకా బాగా చెప్పేవాణ్ని.

ఇక నా సంగతి. నా పేరు విజయభాస్కర్. డిగ్రీ రెండో ఏడు మధ్యలో, నాకు నేర్పడానికి కాలేజీ దగ్గర ఏమీ మిగల్లేదని గ్రహించి బయటికొచ్చేశాను. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు గుండీలు కొట్టాను. నేను కొట్టిన గుండీ ప్యాంటు చిరిగినా ఊడేది కాదు. ఒకరోజు ఏజెంటు వచ్చి "అరబ్బీ వచ్చునా?" అన్నాడు. "వచ్చు" అన్నాను. విడపనకల్లు పంచరు షాపులో కూర్చుని కూర్చుని నాకు ఉర్దూ వచ్చింది. ఉర్దూ వచ్చినవాడికి అరబ్బీ ఎంత దూరం? రెండూ కుడి నుంచి ఎడమకే కదా రాసేది!

బయల్దేరే రోజు బస్టాండులో అందరికీ చెప్పాను, ఇక మీద నన్ను చూడాలంటే టీవీలోనే చూడాలని. మా నాయన గోవిందప్ప మాత్రం బస్సు కిటికీ దగ్గరకొచ్చి, "వారంలో తిరిగొచ్చేటట్టుంటే ముందే ఫోన్ చేయి రా. బియ్యం ఒక పిడికెడు ఎక్కువ వేస్తాం" అన్నాడు. బస్టాండంతా నవ్వింది.

ఆ నవ్వు చెవుల్లో పెట్టుకునే కువైట్‌లో దిగాను. దిగాక తెలిసింది, ఏజెంటు చెప్పిన కిరాణా కొట్టు ఉద్యోగంలో అప్పటికే వేరేవాడు కూర్చున్నాడని. నాకు వీసా ఇచ్చిన పెద్దాయన పేరు అబూ ఫహద్. పనివాళ్లందరూ ఆయన్ను బాబా అంటారు. బాబా నన్ను తన బండి వెనక ఎక్కించుకుని, ఊరవతల ఎడారిలో తన గొర్రెలుండే చోటికి తీసుకుపోయి దించాడు. తిరుగు విమానం దొరికేదాకా నన్ను అక్కడ పెట్టాలని ఆయన ఉద్దేశం. ఈ సంగతి బండి నడిపే పఠాన్ డ్రైవరు ఉర్దూలో చెప్పాడు. నా కళ్ల ముందు ఎడారి లేదు. విడపనకల్లు బస్టాండు ఉంది. మా నాయన పిడికెడు బియ్యం ఉంది.

అప్పుడు ఇసుకలోంచి, కుక్క కూడా బయటికి రాని ఆ ఎండలో, నల్ల కంబళి కప్పుకుని ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా, తింటివా?"

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇసుక పడిందని చెప్పాను.

"యా ఊరు నీది? పేరేమి? ఎవురి కొడుకువి?"

చెప్పాను.

"గోవిందప్ప కొడుకువా! బోరు వేసి, నీళ్లు పడకుంటే పొద్దంతా గుంతలోకి తొంగిచూస్తా కూసుంటాండె, ఆయప్ప కొడుకువా! ఈడికేమిటికొస్తివి?"

"పనికని వచ్చినా మామా. పని లేదంట. తిప్పి పంపిస్తారంట."

"నీకేమొచ్చు?"

"అరబ్బీ వచ్చని చెప్పినా."

"వచ్చునా?"

"రాదు."

"అట్లనా" అన్నాడు మామ.

అంతలో బాబా వచ్చి మామతో చాలాసేపు ఏదో చెప్పాడు. మామ కట్టె మీద గడ్డం ఆనించి, మబ్బు పట్టిందా లేదా అని ఆకాశం వైపు చూసినట్టు ఆయన వైపు చూశాడు. బాబా మళ్లీ చెప్పాడు. గట్టిగా చెప్పాడు. మామ నా వైపు తిరిగి, "బాస్కరా, ఈయనేమో అంటాండాడప్పా. నాకు ఒక్క ముక్క తెలీలా. నువ్వు చదువుకున్నోడివి, చూడు" అన్నాడు.

ఇలాంటి అవకాశం వదులుకునేవాణ్నా నేను? "జీవాలు ఎట్లుండాయని అడుగుతాండాడు మామా" అన్నాను ధైర్యంగా.

"అట్లనా. ఆ కుంటి పొట్టేలుకు మందు రాస్తానని చెప్పు."

నేను బాబా వైపు తిరిగి, పంచరు షాపులో విన్న ఉర్దూనంతా గొంతు అడుగు నుంచి లాగి, చివర్లో "ఇన్షా అల్లా" అని ముడివేశాను. అప్పటికే మామ మందు డబ్బా తీసుకుని పొట్టేలు దగ్గరికి పోతున్నాడు. బాబా పొట్టేలును చూశాడు, మామను చూశాడు, నన్ను చూశాడు. గడ్డం గోక్కున్నాడు. ఇంకోసారి మామను చూసి, బండెక్కి పోయాడు.

మర్నాడు విమానం రాలేదు. మంచం వచ్చింది. ఒక గొర్రెల కాపరికీ ఒక యజమానికీ మధ్య దుబాసీగా, అంటే ఈయన మాట ఆయనకూ ఆయన మాట ఈయనకూ చేరవేసేవాడిగా నా ఉద్యోగం మొదలైంది. మా మండల చరిత్రలో దుబాసీ అయినవాణ్ని నేనొక్కణ్నే. కావాలంటే కనుక్కోండి.

నాకు తెలిసిన అరబ్బీ మాటలు నాలుగు. సరే, దేవుడి దయ, దేవుడు తలిస్తే, ఏం ఫరవాలేదు. ఆ నాలుగింటినీ ముందు వెనకలుగా మార్చి నేను చేసిన ఉద్యోగం చూస్తే పెద్ద పెద్ద రాయబారులు సిగ్గుపడాలి. బాబా ఏదో చెప్తాడు. నేను నాకు తోచింది మామకు చెప్తాను. మామ "అట్లనా" అని వెళ్లి ఇంకేదో చేస్తాడు. ఒకసారి "ఈ రోజు సంగటి చేసుకోమంటాండాడు మామా" అన్నాను, నాకు ఆకలిగా ఉండి. మామ "అట్లనా, చేస్తాలే" అని పోయి నీళ్ల తొట్టి పగులు పూడ్చడం మొదలుపెట్టాడు. పాపం పెద్దాయన, చెప్పేది ఒకటి, చేసేది ఒకటి! అయినా బాబా తొట్టిని చూసి తృప్తిగా తలూపి పోయేవాడు. అదంతా నేను చెప్పే తీరులో ఉన్న మహిమే అనుకున్నాను.

నా మహిమకు పరీక్ష మంద వల్ల వచ్చింది.

మా వైపు మంద కట్టడం అని ఒక పద్ధతి ఉంది. పంట కోసిన చేలో రాత్రిళ్లు గొర్రెల మందను ఆపుతారు. కొన్నాళ్లు ఈ మూల, కొన్నాళ్లు ఆ మూల. చేనంతా ఎరువు పడుతుంది, రైతు కాపరికి గింజలిస్తాడు. మామ ఎడారిలోనూ ఇదే మొదలుపెట్టాడు. ఇనుప కంచె విప్పడం, నాలుగు బారలు అవతల మళ్లీ కట్టడం. ఇసుకకు ఎరువు వేస్తున్నాడయ్యా మనిషి! పక్క మందల కాపరులు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు.

"మామా, ఈడ సేద్యం ఎవరు చేస్తారు?" అన్నాను.

"ఎవురో ఒకరు చేస్తారులేప్పా. ఇంత నేల పెట్టుకొని ఊరికే ఉంటారా యాడన్నా?"

ఒకరోజు బాబా వచ్చేసరికి మంద ఉండాల్సిన చోట ఇసుక ఉంది. గొర్రెలన్నిటినీ ఎవరో తోలుకుపోయారనుకుని బండేసుకుని ఎడారంతా తిరిగాడు. చివరికి ఒక దిబ్బ అవతల మమ్మల్ని కనిపెట్టి, ఎర్రబడ్డ మొహంతో దిగి, వేలు కంచె వైపు చూపిస్తూ నన్ను అడిగాడు. నేను నాలుగు మాటలూ చెప్పాను. ఆయన వేలు దించలేదు. వెనక నుంచి ముందుకు చెప్పాను. వేలు దిగలేదు. ఐదో మాట నా దగ్గర లేదు. దూరంగా ఏదో విమానం పోతుంటే అది నా కోసమేననిపించింది.

మామ వచ్చి, బువ్వకు లేపుకుపోయినట్టు బాబా చెయ్యి పట్టుకుని పాత మంద జాగాకు నడిపించాడు. కట్టెతో గీరాడు. కింద ఇసుక నల్లగా ఉంది. పిడికెడు తీసి బాబా అరచేతిలో పెట్టాడు. "చూడు బాబా, ఎట్లుండాదో. ఒక్క వాన పడనీ, అప్పుడు చెప్పు. చెనిక్కాయ వేసుకుంటివనుకో..." అని మొదలుపెట్టి వేరుశనగ విత్తనం, కలుపు, ఊడలు దిగడం, కాయ వొలవడం, ఊరిబిండి పచ్చడి నూరడం దాకా పోయాడు. బాబా ఆ ఎరువును చేతిలో పట్టుకుని మొత్తం విన్నాడు. వాసన చూశాడు. ఆ తర్వాత ఆయన మొదలుపెట్టాడు, అంతసేపూ అరబ్బీలో. చేతులతో ఒంటెల్ని చూపించాడు, బావుల్ని చూపించాడు. మామ "ఊ" కొడుతున్నాడు. ఇద్దరూ కింద కూర్చున్నారు.

నా ఉద్యోగంలో అంత భయపడిన రోజు ఇంకోటి లేదు. వాళ్లిద్దరి మధ్యా నా అవసరం ఎక్కడా కనిపించలేదు. మామ ఉన్నట్టుండి తలెత్తి నన్ను చూశాడు. చూసి, "బాస్కరా! బాబా ఏమంటాండాడప్పా? అంతా నా తల మీదుగా పోతాండాది" అన్నాడు.

"సరేనంటాండాడు మామా" అన్నాను.

"అట్లనా!" అన్నాడు మామ, కొత్త సంగతి తెలిసినట్టు.

ఆ చలికాలం వాన పడింది. పాత మంద జాగాలన్నీ పచ్చగా మొలిచాయి. ఎడారి మీద గళ్ల దుప్పటి ఆరేసినట్టు, ఒక గడి పచ్చ, ఒక గడి ఇసుక. విమానాలు కాస్త కిందికి దిగి చూసుకుని పోయేవి. నమ్మకపోతే పైలట్లను అడగండి. బాబా తన చుట్టాలను బండ్ల మీద తీసుకొచ్చి చూపించి "ఆదెప్ప! ఆదెప్ప!" అని మామ భుజం తట్టాడు. పనిలో పనిగా నాకూ ఒక చేతి గడియారం ఇచ్చాడు. అంత చక్కగా చేరవేశాను మరి.

అప్పటి నుంచి బాబా రోజూ సాయంత్రం వచ్చి మామ పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. మామ అరబ్బీ నేర్చుకోలేదు, ఆయనే తెలుగు నేర్చుకున్నాడు. డ్రైవరును "యాడికి పోతాండావప్పా?" అని గద్దించేవాడు. ఇంటికొచ్చిన పెద్దమనుషులను "ఏమప్పా, తింటివా?" అని పలకరించేవాడు. వాళ్లు అదేదో పాతకాలపు మర్యాద అనుకుని తామూ అనడం మొదలుపెట్టారు. కువైట్‌లో సగం మందికి విడపనకల్లు తెలుగు వచ్చిందంటే దానికి మూలం ఆదెప్ప మామే. సరే, సగం కాదనుకోండి, పావు.

ఇంత సుఖంగా ఉన్న సంసారంలోకి బాబా పెద్దకొడుకు ఫహద్ వచ్చాడు. మంచివాడే, కానీ పైదేశంలో వ్యాపారం చదువుకుని వచ్చాడు. వచ్చీరాగానే అడిగాడట, "గొర్రెల కాపరికి దుబాసీ ఏంటి? మంత్రులకే లేడు!" అని. డ్రైవరు పరిగెత్తుకొచ్చి నాకు ఉర్దూలో చెప్పాడు, "ఈ రోజు మీ ఇద్దరినీ పరీక్ష చేస్తాడు. ముసలాయనకు ఒక్క మాట అర్థమైనా నువ్వు అవసరం లేదు, ఇంటికి పో అంటాడు. నీకు ఒక్క మాట అర్థం కాకపోయినా ఇంటికి పో అంటాడు."

రెండు వైపులా విడపనకల్లు బస్టాండే! మామకు ఈ సంగతి చెప్తే ఆయన "అట్లనా" అన్నాడు. ఆయనకేం, ఆయన తెలియనివాడు. నా గతే ఏం కాను?

ఫహద్ వచ్చాడు. బాబా చాప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఫహద్ ఒక గ్లాసు మామ ముందు పెట్టి "షాయ్?" అన్నాడు. షాయ్ అంటే టీ అని కువైట్‌లో పిల్లులకు కూడా తెలుసు. మామ ఆ గ్లాసును, పుట్టి ఇలాంటి వస్తువు చూడనట్టు నాలుగు వైపుల నుంచీ చూశాడు.

"ఏందప్పా ఇది? జీవాలకు తాపాల్నా?"

నేను చెప్పాక తాగాడు. ఫహద్ తలూపాడు. తర్వాత మా ఇద్దరి ఎదురుగా నిలబడి, చిన్నగా నవ్వుతూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా అరబ్బీలో ఒక వాక్యం అన్నాడు. అని, మా కాళ్ల వైపు చూస్తూ ఆగాడు.

నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. నా నాలుగు మాటల్లో ఏదీ అందులో లేదు. చెమట కారి గడియారంలోకి పోతోంది.

మామ కట్టె మీద గడ్డం ఆనించి, కదలకుండా మెదలకుండా, గొర్రెల గురించి మాట్లాడుతున్న గొంతుతో నెమ్మదిగా అన్నాడు:

"బాస్కరా, మన కాళ్లకాడ తేలు పాకుతాండాదని చెప్తాండాడు. తేలూ లేదు, గీలూ లేదు. నువ్వు మాత్రం ఎగురప్పా. మాట తెలిసినోడివి గదా."

ఎగిరాను. ఎంత ఎత్తంటే, అటుగా పోతున్న ఒంటె మొహమూ నా మొహమూ ఎదురెదురుగా వచ్చాయి. చెప్పులు మాత్రం కిందే ఉండిపోయాయి. తిరిగి దిగేసరికి ఫహద్ ముచ్చటగా తలూపుతున్నాడు. భాష తెలిసినవాడు ఎగిరాడు, తెలియనివాడు బండరాయిలా నిలబడ్డాడు. ఇంతకంటే రుజువేం కావాలి? నా భుజం తట్టి, బండెక్కి పోయాడు.

చాప మీద బాబా టీ అంతా తెల్ల అంగీ మీద ఒలకబోసుకుని పడీ పడీ నవ్వుతున్నాడు. ఆయనకు తెలుగు వచ్చని పైదేశం నుంచి ఇప్పుడే దిగిన కొడుక్కు తెలియదు కదా.

నేను చెప్పులు వేసుకుని మామ దగ్గరికి పోయాను. "మామా, నీకు అరబ్బీ వచ్చునా?"

"నాకెందుకొస్తాదప్పా?"

"మరి తేలు?"

"ఎండాకాలం గదా. ఎవురు నోరు తెరిచినా తేళ్ల గురించే."

"అబద్దం" అన్నాడు బాబా, చాప మీద నుంచి, మా మండలం తెలుగులో. "బాస్కరా, నువ్వు రాకముందు నేను చెప్పేదంతా ఈయనకు తెలుస్తాండె. మాట్లాడేది తెలుగే, పని మాత్రం చెప్పినట్టు చేస్తాండె. నువ్వు వస్తివి. ఈ పిల్లోనికి పని లేదు, పంపిస్తానని ఈయనకు చెప్తి. అంతే, ఆ పొద్దే ఈయన చెవులు పోయె."

కుంటి పొట్టేలు గుర్తొచ్చింది. నీళ్ల తొట్టి గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ నేను ఏం చెప్పినా, బాబా చెప్పిందే జరిగింది.

"తెలిసీ నన్నెందుకు పెట్టుకుంటివి బాబా?"

బాబా మామ వైపు చెయ్యి చూపించాడు. "ఈయప్ప ఒక్కడే ఉండె. జీవాలతోనే మాట్లాడుకుంటాండె. మాట్లాడేకి మనిషి కావాల గదా?"

మామకు ఈ మాటలేవీ వినిపించనట్టు కంబళి సర్దుకుంటున్నాడు. "నిజంగానే తేలు ఉండుంటే ఏం చేస్తాంటివి మామా?" అన్నాను.

"ఉంటే కుడతాది. నీ పని పోతే, రోజూ చెప్తాంటివే, ఆ బస్టాండంతా నవ్వే నవ్వు తేలు కన్నా మేలా?"

ఆ సాయంత్రమంతా నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. విమానాలు కిందికి దిగాయంటే నమ్మినవాళ్లు, ఒంటె మొహం ఎదురొచ్చిందంటే నమ్మినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. నేను ఒక సాయంత్రం నోరు మూసుకున్నానంటే మాత్రం ఒక్కడూ నమ్మడు.

మర్నాటి నుంచి నిజంగానే అరబ్బీ నేర్చుకున్నాను. ఎగరాల్సి వస్తే ఈసారి నా అంతట నేనే ఎగరాలి కదా. మోకాళ్ల నొప్పులతో మామ ఊరికొచ్చేస్తుంటే ఆయనతో పాటే నేనూ వచ్చేశాను. ఇప్పుడు విడపనకల్లులో నాకు ఫోన్ల కొట్టు ఉంది. గల్ఫ్ పోయేవాళ్లు టీ తాగి పోతూ నాలుగు మాటలు నేర్చుకుంటారు. నా దగ్గర నేర్చుకున్నవాడు తిరిగొచ్చిన దాఖలా లేదు. మా నాయన కొట్టు ముందు కూర్చుని "వాడు దుబాసీ" అని వచ్చేపోయేవాళ్లకు చెప్తుంటాడు. నేను అది ఎవరి దయో చెప్పబోతే, "నువ్వు ఊరుకోరా" అంటాడు.

మొన్న మామ ఫోన్‌కు కొత్త బ్యాటరీ వేయాలని ఆయన జీవాలు మేపుకునే గుట్ట దగ్గరికి పోయాను. తంగేడు చెట్ల అవతల ఎవరో మాట్లాడుతున్నారు. అరబ్బీ! గొంతు అడుగు నుంచి, గలగలా, నాకంటే బాగా! మా గుట్టకు అరబ్బు ఎవడొచ్చాడా అని తొంగిచూస్తే, కంబళి కప్పుకుని, ఫోన్ చెవికి పెట్టుకుని ఆదెప్ప మామ. రెండు గొర్రెలు ఈనాయని, మొన్న రెండు చినుకులు పడ్డాయని బాబాకు చెప్తున్నాడు.

నా కాలి కింద రాయి దొర్లింది. మామ తిరిగి చూశాడు. మాట సగంలో ఆగిపోయింది. మబ్బు కోసం చూసే పాత చూపు మొహం మీదికి వచ్చి కూర్చుంది.

"బాస్కరా! మంచి పొద్దుకు వచ్చినావప్పా. బాబా ఏమో అంటాండాడు, నాకు ఒక్క ముక్క తెలీలా. నువ్వే చూడు" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

చెవికి పెట్టుకున్నాను. అవతల నుంచి బాబా గొంతు: "ఏమప్పా ఆదెప్పా, పలకవే? తింటివా?"

నేను గొంతు సవరించుకుని, ఉద్యోగంలో ఉన్నప్పటిలాగే నిటారుగా నిలబడ్డాను.

"మామా, తింటివా అని అడుగుతాండాడు."

"అట్లనా!" అన్నాడు మామ, కట్టె మీద గడ్డం ఆనిస్తూ. "తింటినని చెప్పప్పా."

చెప్పాను. అరబ్బీలోనే.